బీరపాదు పందిరి మూడోసారి ఒరిగిపోయింది, సాయం చేయండి

కొత్త తోటమాలి: పొద్దున 6 గంటల నుంచి ఇదే పని. ఎంత బిగించి కట్టినా గాలి రాగానే నాలుగు కాళ్ళూ ఒకేవైపు ఒరిగిపోతున్నాయి. పాదు నిండా పిందెలున్నాయి, తీగ ఎక్కడ విరుగుతుందోనని టెన్షన్‌గా ఉంది. ప్లీజ్, ఎవరైనా చెప్పండి.

పెరటిచెట్టు: కాళ్ళు 2 అడుగుల లోతు పాతారా?

బీరపువ్వు: దేనితో కట్టారు? తీగకి నైలాన్ తాడు కట్టకండి, కాడని కోసేస్తుంది. పాత నూలు చీర పీలికలతో వదులుగా కట్టండి. బీర, కాకర నులితీగలతో వాటంతటవే పట్టుకుంటాయి. చిక్కుడుకి నులితీగలుండవు, కాడే కర్రను చుట్టుకుంటుంది. పందిరి ఎక్కేదాకా పక్క కొమ్మలు తుంచేశారా? నేను ఏటా తుంచుతాను.

కొత్త తోటమాలి: పాతడం ఎలాగండీ, డాబా మీద కదా! పెయింటు డబ్బాల్లో మట్టి పోసి పైపులు గుచ్చాను.

పెరటిచెట్టు: డాబా అని ముందే చెప్పాలి. ఏం పైపులు?

కొత్త తోటమాలి: ముప్పావు అంగుళం పీవీసీ. 7 అడుగుల ఎత్తు. మూడు పక్కలా వల, పైన ఖాళీ.

వెదురుబొంగు: పైన కప్పు లేకపోతే అది పందిరి కాదు, దడి.

బీరపువ్వు: దడి అంటే కంచె. మా ఊళ్ళో పాదు ఎక్కేదాన్ని దేన్నైనా పందిరే అంటాం.

వెదురుబొంగు: పందిరంటే కాయలు కిందికి వేలాడాలండీ. బీరకాయ వంకర లేకుండా సాగేది అందుకే.

పెరటిచెట్టు: ముందు అది పడకుండా చూద్దాం. చతురం మూలల దగ్గర ఒరుగుతుంది, త్రికోణం ఒరగదు. ప్రతి పక్కా ఐమూలగా, ఇంటూ గుర్తులా జీఐ తీగ (జింకు పూత ఉన్న ఇనుప తీగ) బిగించండి. రెండు కాళ్ళను పిట్టగోడకి కట్టేయండి. స్లాబుకి మాత్రం రంధ్రాలు వేయొద్దు, వానాకాలం కారుతుంది. మట్టి తీసి కాంక్రీటు పోయండి. 20 లీటర్ల డబ్బా నిండితే 48 కిలోల దాకా తూగుతుంది, అందుకని స్లాబు మధ్యలో పెట్టకుండా గోడ, దూలం మీదికి వచ్చేలా పెట్టండి. ఆ సన్న పైపు కాయల బరువుకి వంగుతుంది, వచ్చే పంటకి జీఐ పైపు వేసుకోండి.

కొత్త తోటమాలి: రెండు పక్కలా ఇంటూ కట్టాను, ఊపినా కదలట్లేదు. మూడోవైపుకి తీగ చాల్లేదు. థాంక్సండీ. కాంక్రీటు ఆదివారం పోస్తా.

బీరపువ్వు: పిందెలు పసుపెక్కి రాలుతున్నాయా? బీరపూలు సాయంత్రం విచ్చుతాయి, అప్పుడే మగపువ్వు కోసి ఆడపువ్వుకి అద్దాలి.

బీరపువ్వు: ఉన్నారా?