మలయాళం చదవడం రానివాళ్లు మలయాళం అలంకార ఫాంటు వాడొచ్చా?

రంగులరాట్నం: హైదరాబాద్‌లో ఒక మలయాళీ సంఘానికి ఓణం పోస్టర్ చేస్తున్నా. నాకు మలయాళం రాదు. వాళ్లు వాట్సాప్‌లో పంపిన మాటల్ని తీగలు చుట్టుకున్నట్టుండే ఫాంటులో పెట్టా, చూడ్డానికి అదిరింది. కార్యదర్శి గారేమో "ఇది వద్దు, మామూలుది పెట్టండి" అంటున్నారు. పండగ పోస్టర్‌కి ముస్తాబు లేకపోతే ఎలా?

డీటీపీ బాబాయ్: ఆయన వద్దన్నది ముస్తాబుని కాదేమో! అందులో "కేరళం" అనే మాట ఉందా? మనకు ఏత్వం అక్షరం నెత్తిన కూర్చుంటుంది. వాళ్లకు ఎడమపక్కన నిలబడుతుంది, కానీ టైపు చేసేది అక్షరం తర్వాతే. పాత ఫొటోషాప్‌లో వరల్డ్ రెడీ లేఅవుట్ (మన లిపుల గుర్తుల్ని సరైన చోట పేర్చే సెట్టింగ్) పెట్టకపోతే ఆ గుర్తు "క"కి కుడివైపు పడి, "ర"ది అయిపోతుంది. చదివేవాళ్లకు "కరేళం"!

రంగులరాట్నం: జూమ్ చేసి చూశా బాబాయ్. అచ్చం అంతే. పరువు పోయేది. అయినా సెట్టింగ్ తప్పుకి ఫాంటుని తిట్టడం దేనికి?

అప్పారావు: ఫాంటుని కాదు, చదవకుండా పెట్టేవాళ్లని తిడుతున్నాం. బయటి ఊళ్ల బోర్డుల మీద మన "పద్మ" వత్తు విడిపోయి "పద్‌మ" అని కనిపిస్తే ఫొటో తీసి నవ్వుకోమా? ఇంకో సంగతి. మన అను ఫాంట్లలాగే వాళ్లకూ యూనికోడ్ (ఫోన్లూ కంప్యూటర్లూ అన్నీ వాడే అక్షరాల కోడు) కాని ఎంఎల్-టీటీ రకం పాతవి ఉన్నాయి. వాట్సాప్‌లో వచ్చిన వాక్యం వాటిలో పేస్ట్ చేస్తే పనిచేయదు. రాని భాషకి సాదా ఫాంటే క్షేమం.

కొచ్చి కోడలు: నేను ఒప్పుకోనండీ. మాది గుంటూరు, ఎనిమిదేళ్లుగా కొచ్చిలో ఉంటున్నా. ఇక్కడ ఫాంటు ఎంచుకోవడమంటే లిపిని ఎంచుకోవడమే. 1971లో ప్రభుత్వం టైప్‌రైటర్‌కీ అచ్చుకీ వీలుగా లిపిని విడగొట్టింది. పాత లిపిలో "కు" అంటే ఉకారం "క"లో కలిసిపోయిన ఒకే అక్షరం. కొత్తదాంట్లో ఉకారం విడిగా పక్కన నిలబడుతుంది. 1999లో రచన అక్షరవేది వాళ్లు పాత లిపిని కంప్యూటర్‌లోకి తేవడానికి పూనుకున్నారు. మా అత్తగారికి ఆ గుండ్రటి జంటాక్షరాలు కనిపిస్తేనే పండగ. మా అబ్బాయి వాటి దగ్గర ఒక్క క్షణం ఆగుతాడు, అయినా చదివేస్తాడు. పెద్ద అక్షరాల్లో ఒక్క మాటకైతే ముస్తాబు ఉండాల్సిందే. స్వతంత్ర మలయాళం కంప్యూటింగ్ వాళ్ల గాయత్రి, కేరళీయం ఫాంట్లు చూడండి. యూనికోడ్‌వే, ఉచితం కూడా.

డీటీపీ బాబాయ్: అక్షరాల మధ్య ఎడం మాత్రం పెంచకు నాయనా. సాగదీస్తే ఎడమ గుర్తు ఎవరిదో తెలియదు. ప్రింటుకి పంపేముందు ఒక మలయాళీ చేత పైకి చదివించు. నువ్వు చూడటం కాదు, వాళ్లు చదవాలి.

అప్పారావు: చదివించాలంటే ఇంకో మనిషి కావాలిగా. నేనన్నదీ అదే.

రంగులరాట్నం: "ఓణాశంసకళ్" (ఓణం శుభాకాంక్షలు) ఒక్కటే తీగల ఫాంటులో ఉంచా. సద్య (ఓణం విందు) టైము, హాలు అడ్రసు మంజరి అనే సాదా ఫాంటులోకి మార్చా. కార్యదర్శి గారు ఫోన్‌లోనే గడగడా చదివేశారు. తీగలు ఇంకాస్త తగ్గించమంటున్నారు. తగ్గించను.