అరిగిపోయిన డ్రమ్ స్టిక్స్‌ని మీరంతా ఏం చేస్తున్నారు?

గోదావరి_బీట్:
అందరికీ నమస్తే. రాజమండ్రిలో ఒక ఆర్కెస్ట్రాలో డ్రమ్స్ వాయిస్తాను. పెళ్లిళ్ల సీజన్లో నెలకి ఒక జత ఖాయంగా పోతుంది. పారేయడానికి మనసొప్పక రెండేళ్లుగా ఒక గోనెసంచిలో పడేస్తూ వచ్చాను, మొన్న లెక్కపెడితే 37 తేలాయి (బేసి ఎందుకంటే ఒకటి స్టేజీ మీదే విరిగి ఎటో ఎగిరిపోయింది, మళ్లీ దొరకలేదు). అన్నీ హికరీ అనే గట్టి చెక్కవే, 5ఏ సైజు (మరీ లావూ సన్నం కాని మధ్యరకం). కొన్నిటికి టిప్ (డ్రమ్‌కి తగిలే కొస) చిట్లింది. ఎక్కువ వాటికి టిప్ బాగానే ఉంది కానీ దాని కింద నాలుగు వేళ్ల మేర ఎలక కొరికినట్టు తినేసి ఉంది. అమ్మేమో భోగి మంటలో వేసెయ్యరా అంటోంది. నాకు చేతులు రావట్లేదు, మొదటిసారి మూడు గంటల ప్రోగ్రాం ఒక్కడినే లాగిన జత కూడా అందులోనే ఉంది. వీటితో ఇంకా వాయించొచ్చా? ఎక్కడ ఆపాలి? ఆపాక ఇంక దేనికైనా పనికొస్తాయా?

ప్యాడ్_మాస్టారు:
తమ్ముడూ, నేను హైదరాబాద్‌లో పిల్లలకి డ్రమ్స్ నేర్పుతాను, ఈ ప్రశ్న నాకు నెలకోసారి వస్తుంది. ముందు అన్నిటినీ నేల మీద పరిచి ఒక్కొక్కటీ తీసి బండ మీద తేలిగ్గా కొట్టి విను. లోపల బాగున్న స్టిక్ 'టంగ్' అని ఖంగున మోగుతుంది, చీలిక పడింది మాత్రం చచ్చు చప్పుడు చేస్తుంది, చేతికి జివ్వుమని తెలుస్తుంది కూడా. చచ్చు చప్పుడు చేసిన దాన్ని పక్కన పెట్టెయ్, దాంతో ఇంక వాయించకు.

నువ్వు చెప్పిన ఎలక కొరుకుడు హై-హ్యాట్ (కాలితో నొక్కే జంట తాళాలు) అంచు వల్ల, స్నేర్ డ్రమ్ మీద రిమ్ షాట్ (హెడ్‌నీ అంచునీ ఒకేసారి కొట్టే దెబ్బ) కొట్టినప్పుడు తగిలే ఇనప రిమ్ వల్ల వస్తుంది. చెక్క నారలు అక్కడ ఒక్కొక్కటే తెగిపోతూ ఉంటాయి, పైకి గరుగ్గా కనిపించడం తప్ప ఇంకేమీ తెలియదు, ఒకరోజు పాట మధ్యలో ఫట్‌మంటుంది. నాకు జరిగింది. ఇంకొక్క ప్రోగ్రాం లాగేద్దాం అనుకుని వాడితే టిప్ ముక్క ఎగిరి కీబోర్డ్ వాయించే అబ్బాయికి కంటి కింద తగిలింది. కన్నుకి ఏమీ కాలేదు, దేవుడి దయ. ఆరోజు నుంచి టిప్ కింద ఆ సన్నటి మెడ దగ్గర చెక్క నాలుగో వంతు తగ్గిందంటే అది స్టేజీ ఎక్కదు, అంతే.

టిప్ చిట్లిన వాటితో వేరే తంటా. ఆ పదును డ్రమ్ హెడ్ (మనం కొట్టే పైపొర) మీది తెల్లటి పూతని గీకేస్తుంది, ఎలక్ట్రానిక్ కిట్‌కి ఉండే వలలాంటి మెష్ హెడ్ అయితే పోగులే లేచిపోతాయి. కొత్త స్టిక్స్ దగ్గర మిగుల్చుకున్న డబ్బు హెడ్‌కి పెట్టాల్సి వస్తుంది. గరుకు మాత్రమే అయితే 120 నంబరు ఎమరీ పేపర్‌తో నారల వెంబడి రెండు మూడు సార్లు రుద్దు, అడ్డంగా రుద్దకు. వాటిని ప్రాక్టీస్ ప్యాడ్‌కి (డ్రమ్ బదులు సాధన చేసుకునే రబ్బరు పలకకి) ఉంచుకో. వంటింట్లో చిన్న కాటా ఉంటే తూచి, బరువు దగ్గరగా ఉన్నవాటిని మళ్లీ జతలు చేసుకోవచ్చు, కుడిచేతి స్టిక్ మామూలుగా ముందే అరుగుతుంది కాబట్టి పాత జతలే ఉంచాలని పట్టుపట్టకు.

ఓరుగల్లు_డప్పు:
అన్నా, మా ఇంట్ల డప్పు మా నాయిన నుంచి వచ్చింది, నేను కూడా వాయిస్తా. నీ దగ్గర ఉన్నవి డప్పుకి పనికొస్తయని ఎవరన్నా చెప్తే వినకు. కుడిచేతిలో పట్టే సిర్ర పొట్టిగా, లావుగా ఉంటది, ఎడమచేతి చిటికెన పుల్ల సన్నగా ఉండి వంగాలి. హికరీ 5ఏ వంగదు, తోలు మీద పడితే దెబ్బ మొద్దుగా వస్తది. కానీ లావు వైపు ఒక జానెడు కోసి, కొసలు గుండ్రంగా రుద్ది, నేర్చుకునే చిన్నపిల్లలకి ఇచ్చిన. పాత టైరు మీద కొట్టుకుంట దెబ్బ కుదుర్చుకుంటరు. తోలు మీదికి మాత్రం రానియ్యను.

మిద్దెతోట_విశాఖ:
నేను డ్రమ్మర్ని కాదు, మా అబ్బాయి వాయిస్తాడు. వాడి పాత స్టిక్స్ కుండీల్లో మిరప, టమాటా మొక్కలకి ఊతం పెట్టి పాత చీర పీలికతో కట్టాను. పని చేస్తాయి, కానీ హికరీ గట్టిదే గానీ తడి మట్టిలో నిలవదు, మా దగ్గర ఒక్క వానాకాలానికే మట్టిలో ఉన్న భాగం మెత్తబడిపోయింది. నేలలో గుచ్చితే చెదలు పడతాయి, కుండీలకే వాడండి. పెయింట్ కలపడానికి బాగుంటాయి. మజ్జిగ చిలకడానికి, పిండి కలపడానికి మాత్రం వద్దు, పైన వార్నిష్ పూత ఉంటుంది.

ఇంకోటి బాబూ, స్టిక్ పొడుగు 16 అంగుళాలు కదా, తినేసిన మెడ కోసేస్తే లావు వైపు 12 అంగుళాలు మిగులుతుంది. అది చిన్నపిల్లల చేతికి కోలాటం కర్రలా సరిగ్గా సరిపోతుంది. మా వీధి పిల్లలకి రంగు వేసి, చివర రెండు గజ్జెలు కట్టి ఇచ్చాం.

గోదావరి_బీట్:
అందరికీ చాలా థాంక్స్. నిన్న రాత్రి కూర్చుని బండ మీద ఒక్కొక్కటీ కొట్టి విన్నాను. 11 ఖంగున మోగాయి, అవి ప్యాడ్‌కి. 16టికి తినేసిన మెడ కోసి మా మేనకోడలి స్కూల్ పిల్లలకి కోలాటానికి ఇస్తున్నాను, ఎనిమిది మందికి వస్తాయి. మిగతా 10 నిలువునా చీలినవి, అవీ కోసిన మెడ ముక్కలూ భోగికని అమ్మకిచ్చేశాను. ఆ మూడు గంటల జతలో ఒకటి మోగింది, ఒకటి మోగలేదు. మోగినదానికి దగ్గర బరువున్నది ఒకటి దొరికింది, 3 గ్రాముల తేడా. ప్యాడ్ మీద పర్వాలేదా మాస్టారూ?

ప్యాడ్_మాస్టారు:
ప్యాడ్ మీద పర్వాలేదు. బరువున్న దాన్ని ఎడమచేతిలో పట్టుకో, ఆ చేతికే కసరత్తు కావాలి.