పద్దెనిమిదేళ్లు నిండబోతున్న అమ్మాయికి మొదటి కారు: ఏది, ఎప్పుడు, ఎవరి పేరున కొనాలి?

సుబేదారి గృహిణి, హనుమకొండ

అందరికీ నమస్కారం. మా అమ్మాయి హసన్‌పర్తి వైపున్న ఒక ఇంజనీరింగ్ కాలేజీలో మొదటి సంవత్సరం చదువుతోంది. దసరా తరువాత ఆమెకు పద్దెనిమిదేళ్లు నిండుతాయి. మా వారు భూపాలపల్లిలో సింగరేణి ఉద్యోగి. షిఫ్టును బట్టి వారాంతంలో మాత్రమే ఇంటికి రాగలుగుతారు. మా అత్తమ్మకు వారానికి రెండుసార్లు డయాలసిస్ చేయించాలి. తెల్లవారుజామున ఆటో కోసం రోడ్డు మీద నిలబడటం, తిరిగి వచ్చేటప్పుడు నీరసించిపోయిన మనిషిని కుదుపుల మధ్య ఇంటికి చేర్చడం చూసి, తాను కారు నేర్చుకుంటానని అమ్మాయే ముందుకు వచ్చింది. కాలేజీకి బస్సు ఉంది కాబట్టి కారు ప్రధానంగా ఆస్పత్రికి, ఇంటి పనులకు.

మేము నాలుగున్నర లక్షల వరకు పెట్టగలము. ఆ డబ్బుతో కొత్త చిన్న కారు తీసుకోవడమా, కొంచెం పెద్దది, గట్టిది సెకండ్ హ్యాండ్‌లో తీసుకోవడమా తేల్చుకోలేకపోతున్నాము. గేర్లు ఉన్నది మంచిదా, ఆటోమేటిక్ మంచిదా? ఆర్సీ ఎవరి పేరున ఉండాలి? మా మరిది మాత్రం కారు ఇప్పుడే కొని, పుట్టినరోజు వచ్చేదాకా కాలనీ గల్లీల్లో ప్రాక్టీసు చేయించమంటున్నాడు, గల్లీలో ఎవరు ఆపుతారని అతని వాదన. నాకు డ్రైవింగ్ రాదు. అనుభవమున్నవారు దయచేసి చెప్పగలరు.

డ్రైవింగ్ నేర్పే టీచర్, నయీంనగర్

అమ్మా, మీ మరిది గారి సలహాకు ముందు జవాబు చెప్పాలి, ఎందుకంటే మిగిలినవన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. 1988 మోటారు వాహనాల చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండనిదే బహిరంగ స్థలంలో కారు నడపరాదు. జనానికి రాకపోకల హక్కు ఉన్న ఏ దారైనా చట్టం దృష్టిలో బహిరంగ స్థలమే కనుక మీ కాలనీ గల్లీ కూడా అందులోకే వస్తుంది. 2019 సవరణతో చేరిన 199ఏ సెక్షన్ ప్రకారం, మైనర్ బండి నడిపి నేరం జరిగితే తల్లిదండ్రులకు లేదా బండి యజమానికి మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా పడవచ్చు. ఆ బండి రిజిస్ట్రేషన్ పన్నెండు నెలలు రద్దవుతుంది, ఆ పిల్లకు ఇరవై అయిదేళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. కొన్ని నెలల తొందరకు ఏడేళ్ల లైసెన్సును పణంగా పెట్టవద్దు. చట్టం సంగతి పక్కన పెట్టినా, చిన్న పిల్లలు ఆడుకునేది, ముసలివాళ్లు కుర్చీ వేసుకొని కూర్చునేది ఆ గల్లీల్లోనే కదా.

పుట్టినరోజు దాటిన వెంటనే ఎల్ఎల్ఆర్ (నేర్చుకునేవారికి ఇచ్చే తాత్కాలిక లైసెన్సు) కోసం స్లాట్ బుక్ చేయండి. అది ఆరు నెలలు చెల్లుతుంది, తీసుకున్న ముప్పై రోజుల తరువాత పక్కా లైసెన్సు పరీక్షకు వెళ్లవచ్చు. అయితే ముప్పై రోజులు కాగానే పరీక్షకు పరుగెత్తవలసిన పనిలేదు. ఎల్ఎల్ఆర్ ఉన్న కాలంలో ముందూ వెనకా ఎల్ బోర్డు ఉండాలి, లైసెన్సు ఉన్న మనిషి పక్క సీట్లో కూర్చోవాలి. మీ వారు వారాంతాల్లో ఆ పని చేయగలరు కానీ తొలి పాఠాలు మాత్రం రెండో బ్రేక్ ఉన్న డ్రైవింగ్ స్కూలు కారులోనే జరగాలని నా గట్టి అభిప్రాయం. తండ్రి పక్కన కూర్చొని కేక వేయగలడే తప్ప కారును ఆపలేడు.

అందుకే లైసెన్సు చేతికి వచ్చాకే కారు కొనమంటాను. ఇంటి ముందు కారు నిలిచి ఉంటే, ఒక అర్ధరాత్రి అత్తమ్మకు ఆయాసం వచ్చినప్పుడు, లైసెన్సు లేకపోయినా తాళం తీసుకొమ్మని మీరే చెప్పే పరిస్థితి వస్తుంది. అలాంటి రాత్రికి 108కు ఫోన్ చేయాలి.

పరీక్షలో హెచ్, ఎనిమిది ఆకారంలో కారు తిప్పడం వచ్చినంత మాత్రాన డయాలసిస్ పేషెంటును కూర్చోబెట్టుకొని నడపడం వచ్చినట్టు కాదు. లైసెన్సు వచ్చాక కూడా కొన్ని వారాలు మీ వారు పక్కన ఉండగా ఇంటి నుంచి ఆస్పత్రికి వెళ్లే దారినే పదే పదే నడిపించండి: ముందు ఆదివారం పొద్దున, తరువాత మామూలు రోజు రద్దీలో, ఆ తరువాత వానలో. హనుమకొండ చౌరస్తా దగ్గర ఆటోలు హఠాత్తుగా ఆగినప్పుడు, కాజీపేట ఫాతిమానగర్ బ్రిడ్జి ఎక్కుతూ బండ్ల వరుస నిలిచిపోయినప్పుడు కారును వెనక్కి జారనీయకుండా కదిలించడం వస్తే, అప్పుడు ఒంటరిగా పంపవచ్చు.

ఇంకొక మాట, మీరు కూడా అమ్మాయితో పాటు నేర్చుకోండి. నా దగ్గరికి నలభై దాటిన గృహిణులు ఎంతోమంది వస్తారు, వయసులో ఉన్న పిల్లల కంటే వాళ్లు ఎక్కువ జాగ్రత్తగా నడుపుతారు. అమ్మాయికి సెమిస్టర్ పరీక్ష ఉన్న రోజున డయాలసిస్ ఆగదు కదా.

సెకండ్ హ్యాండ్ కార్లు చూసే మెకానిక్, కాజీపేట

టీచర్ గారు చెప్పినదానితో పూర్తిగా ఏకీభవిస్తూ, కారు గురించి మాత్రమే చెబుతాను.

2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది కాబట్టి మీ బడ్జెట్‌కు కొత్త కారు అసాధ్యం కాదు, కానీ లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్ కలిపితే అన్నిటికంటే చిన్న కారే వస్తుంది. నేనైతే జాగ్రత్తగా వాడిన సెకండ్ హ్యాండ్ పెట్రోల్ కారునే చూడమంటాను. డీజిల్ వద్దు. ఊళ్లోనే నాలుగైదు కిలోమీటర్లు తిరిగే బీఎస్6 (కొత్త కాలుష్య నియమాల) డీజిల్ కార్లలో పొగ గొట్టం ఫిల్టర్ మసితో మూసుకుపోతుంది, దానికి పెట్టే ఖర్చు మైలేజీలో మిగిలిన డబ్బును మించుతుంది.

తయారైన సంవత్సరాన్ని తప్పక చూడండి. 2019 ఏప్రిల్ నుంచి అన్ని కొత్త కార్లకు ఏబీఎస్ తప్పనిసరి అయింది, అదే ఏడాది జూలై నుంచి డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్, సీటు బెల్టు హెచ్చరిక, వెనుక పార్కింగ్ సెన్సార్లు వచ్చాయి. ముందు పక్క సీటు ఎయిర్‌బ్యాగ్ 2022 నుంచి తయారైన ప్రతి కారులోనూ ఉంటుంది. 2019కి ముందు కార్లలో తక్కువ వేరియంట్‌కు ఇవేవీ లేకుండానే అమ్మేవారు. కొత్తగా నడిపే పిల్ల భయంతో బ్రేక్‌ను పూర్తిగా తొక్కేస్తుంది. ఆ క్షణంలో చక్రాలు బిగుసుకుపోకుండా, స్టీరింగ్ మాట వినేటట్టు చేసేది ఏబీఎస్. కాబట్టి 2022 లేదా ఆ తరువాతి కారు దొరికితే మంచిది, 2019 జూలైకి ముందుది మాత్రం ఎంత చౌకగా వచ్చినా వద్దు.

మీ అత్తమ్మ విషయం కూడా ఆలోచించాలి. ఎక్కి దిగడానికి ఎత్తు సీటు, పెద్ద తలుపు కావాలంటే అందరూ వ్యాగనార్ చూపిస్తారు, ఆ సౌకర్యం నిజమే. కానీ కార్లను ఢీకొట్టించి భద్రతకు అయిదు వరకు స్టార్లు ఇచ్చే గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ 2023లో చేసిన పరీక్షలో దానికి ఒకటే స్టార్ వచ్చింది. టియాగోకు 2020లో నాలుగు స్టార్లు వచ్చాయి, అయితే అది పాత పద్ధతి పరీక్ష. 2022 నుంచి పరీక్షను కఠినం చేశారు కనుక ఆ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. బడ్జెట్ కాస్త పెంచగలిగితే, 2021లో అయిదు స్టార్లు వచ్చిన టాటా పంచ్‌ను సెకండ్ హ్యాండ్‌లో వెతకండి: సీటు ఎత్తుగా ఉంటుంది, తలుపులు దాదాపు పూర్తిగా తెరుచుకుంటాయి. పెంచలేకపోతే టియాగో చూసి, అత్తమ్మను ఒకసారి కూర్చోబెట్టి, లేపి చూశాకే బయానా ఇవ్వండి.

గేర్ల కారా, ఏఎంటీనా (క్లచ్ తొక్కకుండా గేర్లను తానే మార్చుకునే ఆటోమేటిక్ రకం) అంటే, నేర్చుకోవడం గేర్లతోనే జరగాలి. కొనేది ఏఎంటీ అయితే ఆస్పత్రి దారిలో క్లచ్ బాధ తప్పుతుంది, కానీ ఎత్తు మీద ఆగినప్పుడు అది వెనక్కి జారుతుంది కాబట్టి బ్రిడ్జి మీద హ్యాండ్ బ్రేక్ వాడడం నేర్పాలి.

మన ఊరిలో కొనేటప్పుడు ప్రత్యేకంగా చూడవలసింది నీట మునిగిన కార్లను. 2023 జూలై వరదలో వరంగల్, హనుమకొండల్లో ఎన్ని కాలనీలు మునిగాయో మీకు తెలుసు. సీటు బెల్టును చివరిదాకా లాగితే నీటి మరక గీతలా కనిపిస్తుంది, స్టెప్నీ గుంతలో సన్నని మన్ను, సీటు పట్టాలకు తుప్పు ఉంటాయి. మీటర్‌ను వెనక్కి తిప్పడం తేలిక, కానీ బ్రేక్ పెడల్ రబ్బరు అరుగుదలను, కంపెనీ సర్వీసు రికార్డును మార్చడం కష్టం. టైరు మీద నాలుగు అంకెలు తయారైన వారాన్ని, సంవత్సరాన్ని చెబుతాయి. ఇతర రాష్ట్రాల నుంచి వచ్చిన చౌక కార్ల జోలికి పోకండి. ఎన్ఓసీ (ఆ రాష్ట్రం నుంచి నిరభ్యంతర పత్రం) తేవాలి, ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి, అంతా కలిపితే చౌక అనేది మిగలదు.

బీమా పని చేసేవాడిని, ములుగు రోడ్

ఆర్సీ పేరు గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను. పాలసీలో 15 లక్షల రూపాయల వ్యక్తిగత ప్రమాద బీమా ఉంటుంది, అది ఆర్సీలో పేరున్న యజమానికి, ఆ యజమానికి లైసెన్సు ఉంటేనే వర్తిస్తుంది. కారు మీ వారి పేరున ఉండి అమ్మాయి నడిపితే, ఎదుటివారికి జరిగే నష్టానికి పాలసీ పనిచేస్తుంది, కానీ ఆ 15 లక్షలు అమ్మాయికి రావు. అమ్మాయికి లైసెన్సు వచ్చాక ఆమె పేరుననే ఆర్సీ చేయించండి, లేదా ఆమెకు విడిగా వ్యక్తిగత ప్రమాద పాలసీ తీసుకోండి. లోన్ తీసుకుంటే ఆదాయం ఉన్న మీ వారి పేరు తప్పదు, అప్పుడు రెండో దారి పట్టాలి.

సెకండ్ హ్యాండ్ కారు కొన్నాక ఫారం 29, 30 పెట్టి బదిలీ చేయించడంతో పాటు పద్నాలుగు రోజుల్లో పాలసీని కూడా మీ పేరుకు మార్పించుకోవాలి. పాత యజమానికి క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు, అంటే నో క్లెయిమ్ బోనస్, మీకు రాదు. ఇంజిన్ రక్షణ కవర్ తప్పక తీసుకోండి. నీళ్లలో ఆగిపోయిన కారును మళ్లీ స్టార్ట్ చేసి ఇంజిన్ పాడుచేసుకుంటే సాధారణ పాలసీలో ఆ క్లెయిమ్ తిరస్కరించే అవకాశం ఎక్కువ. నీళ్లలో ఆగిన కారును స్టార్ట్ చేయకుండా తోసుకురావాలని అమ్మాయికి ముందే చెప్పి ఉంచండి.

సుబేదారి గృహిణి, హనుమకొండ

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. మీరు రాసినవి ఫోన్‌లో మా వారికి చదివి వినిపించాను. కారు లైసెన్సు తరువాతే అని నిర్ణయించుకున్నాము, మరిదికి నేనే నచ్చజెబుతాను. ఎల్ఎల్ఆర్ పరీక్ష నేనూ రాస్తాను. ఒకటి మాత్రం అడగాలి: లైసెన్సు వచ్చాక శనివారం సాయంత్రం భూపాలపల్లి వెళ్లి నాన్నను తీసుకొస్తానని అమ్మాయి ఇప్పటినుంచే అంటున్నది. పంపవచ్చునా?

డ్రైవింగ్ నేర్పే టీచర్, నయీంనగర్

మొదటి ఏడాది సాయంత్రం వద్దమ్మా. పరకాల మీదుగా పోయే దారిలో చీకటి పడ్డాక వెనుక లైటు లేని ట్రాక్టర్ ట్రాలీలు వస్తాయి. పంట కోతల కాలంలో సగం రోడ్డు మీద వడ్లు, మక్కలు ఆరబోసి, చుట్టూ రాళ్లు పెడతారు. ఎదురుగా వచ్చే లారీ లైట్ల వెలుగులో ఆ రాళ్లు అనుభవమున్నవారికే ఆలస్యంగా కనిపిస్తాయి. తండ్రి బస్సులోనే రానివ్వండి, ఆదివారం పొద్దున ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకొని అమ్మాయి పరకాల దాకా నడిపి వెనక్కి రావచ్చు. వెళ్లే ప్రతిసారీ వెనుక కూర్చునేవారు కూడా బెల్టు పెట్టుకోవాలి. మీ అత్తమ్మకు డయాలసిస్ కోసం చేతికి ఫిస్టులా (ఆపరేషన్‌తో కలిపిన రక్తనాళం) ఉంటే బెల్టు ఆ చేతిని నొక్కకుండా ఏ వైపు కూర్చోవాలో ఆస్పత్రిలో సిస్టర్‌ను ముందే అడగండి.