'కంత మర–నట్టి కంటికి': ఆ అక్షరం చకారమా, గకారమా?

హనుమకొండవాసి:
పది రోజులుగా ఒక పద్యపాదం నన్ను వేధిస్తోంది. మా నాన్న సాయుధ పోలీసులో పని చేశారు. మొదట త్రీనాట్‌త్రీ, తర్వాత ఎస్‌ఎల్‌ఆర్ రైఫిళ్లు మోశారు. కొత్తగా చేరిన కుర్రవాళ్లకు గురి నేర్పే రోజుల్లో ఇంట్లో కూడా ఈ పాదం అంటూ తిరిగేవారు:
'కంత మర–నట్టి కంటికి గురి –'
నడుమ ఉన్నది 'మరచి'నా, 'మరగి'నా తేలడం లేదు. చివర 'దక్కు' ఉందో 'తప్పు' ఉందో కూడా గుర్తు రావడం లేదు. రెండో పాదం 'గింజ'తో మొదలయ్యేదని లీలగా జ్ఞాపకం. తుపాకి కొసన నిలబడే మొనను మా ఇంట్లో గింజ అనేవాళ్లం. కంత అంటే కంటి వైపు ఉండే, గురి చూసే చిన్న రంధ్రం.
ఇది ఇప్పుడు గుర్తుకు రావడానికి కారణం మా అమ్మాయి. ఎయిర్ పిస్తోలు నేర్చుకుంటోంది. "రైఫిల్ వాళ్లకు కంటి దగ్గర కంత ఉంటుంది కదా నాన్నా, నా పిస్తోలుకు ఉత్త గాడి మాత్రమే ఎందుకు?" అని అడిగింది. జవాబు వెతుకుతుంటే నాన్న గొంతు వినిపించింది, అక్షరం మాత్రం జారిపోయింది.

కాజీపేట మాస్టారు:
ఆటవెలది బేసి పాదం ఇది. కంత, మరచి, నట్టి మూడూ సూర్యగణాలు. కంటికి భగణం, గురి దక్కు సలం, రెండూ ఇంద్రగణాలు. యతి కం–కం. కొలత వేసినట్టు కుదిరింది. 'మరచి'నే. గురి నేర్పే ఎవరైనా చెప్పే మొదటి మాట అదే కదా: కంతను చూడకు, కంతలోంచి చూడు. కంతను మరచిన కంటికే గురి దక్కుతుంది.

పరకాల శిక్షకుడు:
మాస్టారూ, 'మరగి' కూడా మూడు లఘువులే. 'గురి తప్పు' కూడా సలమే. ఛందస్సు మీ వైపు ఎంత ఉందో నా వైపూ అంతే ఉంది. మనిషి రక్తం మరిగిన పులి అంటాం చూడండి, ఆ మరగడం ఇది. కంతకు అలవాటు పడి దాన్నే అంటిపెట్టుకున్న కంటికి గురి తప్పుతుంది. నేను ఎన్‌సీసీ పిల్లలకు ఏళ్ల తరబడి నేర్పాను. కొత్తవాడి కన్ను మొన మీద నిలవదు, వలయం అంచుల చుట్టూ తిరుగుతుంది. వాడిని ఆ మరులు నుంచి తప్పించడమే సగం శిక్షణ.

కాజీపేట మాస్టారు:
కంటికి చేతివెడల్పు దూరంలో ఉన్న కంత అంచు మసకబారి దానంతట అదే కనుమరుగవుతుంది. ఎస్‌ఎల్‌ఆర్‌లో జరిగేది అదే కదా? మొన నడిమధ్యకు తీసుకురావడం కంటికి సహజం, ఎవరూ నేర్పనక్కరలేదు. సహజంగా జరిగే పనికి 'మరచు' సరిపోతుంది. మీరు చెప్పే మరగడానికి ఆ వలయం కంటికి స్పష్టంగా కనబడాలి.

పరకాల శిక్షకుడు:
సరిగ్గా అక్కడికే వస్తున్నాను. పిస్తోలులో కనబడుతుంది! చేయి చాచి పట్టుకుంటే వెనక గురి కంటికి రెండడుగుల పైనే ఉంటుంది. అంత దూరంలో సన్నని కంత పెడితే లక్ష్యం నలుసంత కనబడి, చుట్టూ ఉన్న లోహం అడ్డుపడుతుంది. కంటిపాప ముందు ఉన్నప్పుడు సన్నని రంధ్రం చేసే మేలు ఒకటుంది. కెమెరాలో ద్వారం చిన్నది చేసినట్టు, దగ్గరి మొననూ దూరపు లక్ష్యాన్నీ రెంటినీ కొంత తేటపరుస్తుంది. చేతి చివరకు పోయాక ఆ మేలు పోతుంది, అడ్డు మాత్రం మిగులుతుంది. అందుకే పిస్తోలుకు కంత పెట్టాలనుకునేవారు దాన్ని బాగా వెడల్పు చేసి, అంచును పలచన చేస్తారు. గోస్ట్ రింగ్ అంటారు, దెయ్యంలా ఉండీ లేనట్టుండే వలయం. దగ్గరి లక్ష్యం మీదికి త్వరగా ఎత్తడానికి పనికొస్తుంది. సూక్ష్మమైన గురికి మాత్రం చదరపు గాడిదే పైచేయి. మొనకు అటూ ఇటూ సమానమైన వెలుగు చీలికలు, పైన రెండింటి అంచులూ ఒక్క గీత మీద. ఇంత కచ్చితమైన కొలత పెద్ద వలయం ఇవ్వదు.
మీ అమ్మాయికి ఇంకో మాట చెప్పండి. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య నియమాల ప్రకారం పిస్తోలు పోటీల్లో తెరిచిన గురే ఉండాలి, కంతకు అనుమతి లేదు. 2012 లండన్‌లో గగన్ నారంగ్‌కు కాంస్యం వచ్చింది ఎయిర్ రైఫిల్‌లో, అది కంత. 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఈషా సింగ్‌కు నాలుగు పతకాలు వచ్చింది పిస్తోలుతో, అది గాడి. పది మీటర్ల రైఫిల్‌లో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు. పిస్తోలుకు 11.5 మిల్లీమీటర్లు. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెడితే కంతకూ గాడికీ, రెండు చేతులకూ ఒక చేతికీ ఉన్న తేడా తెలిసిపోతుంది.

హనుమకొండవాసి:
అన్నా, అమ్మాయికి ఇది చదివి వినిపించాను. చాలా సంతోషించింది. కానీ నాన్న చేతిలో పిస్తోలు నేనెప్పుడూ చూడలేదు. పద్యం రైఫిల్‌దే.

నర్సంపేట నిఘంటువు:
అందరూ చ, గల దగ్గరే ఆగిపోయారు. నాకు 'కంత' మీదే అనుమానం. పద్యం రాసినవాడు 'బెజ్జం' ఎందుకు వాడలేదు? యతి కోసమే అనుకోండి. కానీ బెజ్జం ఎంత గొప్ప మాటో చూడండి. సంస్కృత 'వేధ్యం' ప్రాకృతంలో 'వేజ్ఝ' అయింది, మన బెజ్జం అక్కడిదేనని నా గట్టి నమ్మకం. వేధ్యమంటే కొట్టవలసినది, అంటే లక్ష్యం. కొట్టిన తర్వాత మిగిలేది బెజ్జం. లక్ష్యానికీ రంధ్రానికీ ఒకే మాట! కంతలోంచి గురి చూసేవాడికి ఇంతకంటే తగిన పదం ఏ భాషలో దొరుకుతుంది? వ్యాసభారతంలో ద్రౌపదీ స్వయంవరం గుర్తు చేసుకోండి. ధృష్టద్యుమ్నుడు రాజులకు పెట్టిన షరతు 'యంత్రచ్ఛిద్రేణ', యంత్రంలోని రంధ్రం గుండా అయిదు బాణాలతో లక్ష్యాన్ని కొట్టాలి. మనం నీళ్లలో నీడ, తిరిగే చేప అని చెప్పుకుంటూ ఆ ఛిద్రాన్ని మరచిపోయాం.

కాజీపేట మాస్టారు:
చూశారా, మీరూ 'మరచిపోయాం' అనే అన్నారు.

జనగామ పాఠకురాలు:
రంధ్రం, మొన, కన్ను అనగానే మీలో ఎవరికీ మన బమ్మెర పోతన తలపుకు రాలేదా? భాగవతం అష్టమ స్కంధం, వామనుడికి బలి దానం ధారపోసే ఘట్టం. శుక్రుడు నీటిధార పడకుండా 'కలశరంధ్ర మాఁప', హరి అది తెలిసి 'కుశాగ్రంబున' కొడితే ఆయన ఏకనేత్రుడయ్యాడు. కలశానికి రంధ్రం, రంధ్రం వెనక కన్ను, దానికెదురుగా దర్భమొన. మూడూ ఒకే గీత మీద. నాలుగు చిన్న పాదాల్లో పోతన ఇంత పని చేశాడు. అదీ ఆటవెలదే! ఆ తర్వాత 'ఇంతింతై వటుఁడింతయై' అని బ్రహ్మాండం దాకా పెంచబోయే స్వామిని, ఇక్కడ ఒక గడ్డిపోచ కొన మీద నిలిపాడు. నేను బమ్మెర వెళ్లినప్పుడల్లా ఆ పొలాల గట్ల మీద దర్భ చూస్తే ఈ పద్యమే నోట్లోకి వస్తుంది. ఆ గడ్డిని తాకి చూస్తే వేలు కోసుకుంటుంది, అంత పదును. కుశాగ్రబుద్ధి అన్న మాట ఎందుకు పుట్టిందో అప్పుడు తెలుస్తుంది.
అసలు ప్రశ్నకు వస్తే, 'మరచి'కే నా ఓటు. కానీ పోతన పద్యం ఒక్కసారి మొత్తం చదువుకోండి, అడిగినంత పుణ్యం.

కరీంనగర్ ఉర్దూ అభిమాని:
అక్కా, జనం చెప్పుకునే కథలో శుక్రుడు కీటకమై కలశంలో దూరతాడు. ఇది ఎందుకు ఎత్తానంటే, తుపాకి మొనకు ఉర్దూలో పేరు 'మక్ఖీ', ఈగ. వెనక గురికి 'దీద్‌బాన్', అంటే కావలివాడు, చూస్తూ నిలబడేవాడు. ఫార్సీలో మొన పేరు 'మగసక్', అదీ చిన్న ఈగే. రష్యన్లు 'ముష్క' అంటారు, అదీ ఈగే. జర్మన్లకు 'కోర్న్', గింజ. టర్కీ వాళ్లకు 'అర్పజిక్', చిన్న యవగింజ. ప్రపంచమంతా ఆ మొనను ఈగగానో గింజగానో చూసింది. హనుమకొండ అన్న ఇంట్లో గింజ అన్నారంటే జర్మన్లతో, తురుష్కులతో కలిసినట్టు. 'తుపాకి' అన్న మాట కూడా టర్కీ 'తుఫెక్' సంతతే.

నర్సంపేట నిఘంటువు:
తుపాకి సరే. 'తూటా' మాత్రం మనదే అనుకుంటాను. తూటు పొడిచేది తూటా.

కరీంనగర్ ఉర్దూ అభిమాని:
కాదండీ. అది హిందుస్థానీ 'టోటా'. తూటుతో పోలిక కాకతాళీయం. ఇంత అందమైన పోలికను కాదనడం నాకూ బాధగానే ఉంది.

ములుగు కళ్లద్దాలు:
కళ్లు పరీక్షించే వృత్తి నాది. మూడో పాఠాంతరం ఒకటి మీ ముందు పెడుతున్నాను: 'కంత మరుగునున్న కంటికి గురి దక్కు'. మరుగు మూడు లఘువులు, నున్న గలం. ఇదీ నడుస్తుంది. కంత చాటున ఉన్న కన్ను అని అర్థం.
ఇది ఊరికే అక్షరాలు మార్చి చూడడం కాదు. నలభై దాటి చత్వారం వచ్చినవారికి పిస్తోలు మొన మసకగా కనబడుతుంది. చత్వారం అనే మాటలోనే నలభై దాగి ఉంది. కళ్లద్దం మీద నల్లకాగితం అంటించి సన్నని బెజ్జం చేస్తే అదే మొన తేటపడుతుంది. పోటీల్లో పిస్తోలు కాల్చేవారి కళ్లద్దాలకు తెరిచి మూయగల చిన్న కనుపాప లాంటి అమరిక ఉండడం చూసే ఉంటారు. పిస్తోలు మీద కంత వద్దన్నారు, కంటి ముందు వద్దనలేదు. పరకాల అన్న చెప్పిన మేలంతా రంధ్రం కంటిపాప దగ్గర ఉండడం వల్లే. కాబట్టి పిస్తోలు వారికీ కంత ఉంది, అది తుపాకి మీద లేదు, ముఖం మీద ఉంది. మరుగున ఉన్నది కన్నే.

పరకాల శిక్షకుడు:
ఈ మాట బాగుంది. అయినా 'ఉన్న' అనే క్రియ అక్కడ అతికించినట్టుంది. 'మరగినట్టి' ఒక్క ఊపులో వస్తుంది. ఇంకో సంగతి కూడా చూడండి. మామూలు పిస్తోలులో రెండు గురుల నడుమ దూరం 16 సెంటీమీటర్లు అనుకుందాం. ఒక్క మిల్లీమీటరు పొరపాటు పది మీటర్ల దగ్గర 62.5 మిల్లీమీటర్లవుతుంది. రైఫిల్‌లో ఆ దూరం 70 సెంటీమీటర్లుంటే అదే పొరపాటు 14 మిల్లీమీటర్లే. కన్ను కంత మీదికి జారడమంటే ఆ మిల్లీమీటరును చేతులారా తెచ్చుకోవడమే. హెచ్చరికగా చెప్పిన పద్యానికి 'తప్పు' అన్న ముగింపే న్యాయం.

జనగామ పాఠకురాలు:
'గురి' అంటే నమ్మకం కూడా కదా. గురువు మీద గురి కుదిరింది అంటాం. 'కంటికి గురి లేదు' అని ముగించినా సలమే.

కాజీపేట మాస్టారు:
అమ్మా, ఉన్న చిక్కు చాలదా!
రెండో పాదం నేను పూరించి చూశాను: 'గింజ నిలిచి వెనుక గుండు కదలు'.

జనగామ పాఠకురాలు:
గిం–గుం యతి చెల్లదు మాస్టారూ. ఇకారానికి ఉకారం మిత్రం కాదు. 'గింజ మీద చూపు గెలుపు బాట' అంటే గి–గె కలుస్తాయి, అర్థమూ నిలుస్తుంది.

కాజీపేట మాస్టారు:
ఒప్పుకున్నాను. మంచి పాదం.

హనుమకొండవాసి:
ఇవాళ అమ్మను అడిగాను. ఆమెకు ఎనభై దాటాయి, జ్ఞాపకం మాత్రం నాకంటే గట్టిది. రెండు సంగతులు చెప్పింది. మొదటిది, నాన్న వేగంగా 'మర్సి' అనేవారట. అది 'మరచి' అనుకుందామంటే, తన చెవికి ఒక్కోసారి 'మర్గి' అనీ తోచేదట. మా వైపు పలుకులో నడిమి అచ్చు పడిపోతుంది, అక్కడే చిక్కంతా.
రెండోది విని ఉలిక్కిపడ్డాను. "గింజ అనేది మీ పిల్లలు, మీ నాన్న ఎన్నడూ గింజ అనలేదు, మక్ఖి అనేవారు" అంది. అంటే రెండో పాదం 'గింజ'తో కాదు, 'మక్ఖి'తో మొదలై ఉండాలి.

కరీంనగర్ ఉర్దూ అభిమాని:
నేను అన్నాను కదా!

కాజీపేట మాస్టారు:
మక్ఖి గలమే. ఇప్పుడు యతి మకారానికి మారింది. 'మర్సి'లోనూ గలమే నిలుస్తుంది, పద్యం చెడదు. రెండు పాదాలూ ఇలా ఉండి ఉంటాయి:
'కంత మరచినట్టి కంటికి గురి దక్కు
మక్ఖి మీద చూపు మరలకున్న'
మ–మ యతి. అర్థం సూటిగా ఉంది. ఇక సందేహం లేదు.

హనుమకొండవాసి:
'మరలకున్న'... మాస్టారూ, ఇది చదవగానే ఒళ్లు ఝల్లుమంది. 'మర' అనే శబ్దం పద్యంలో రెండుసార్లు వచ్చేదని ఇప్పుడు అనిపిస్తోంది. ఇన్నాళ్లూ నేను మొదటి పాదంలో వెతుకుతున్న 'మర' అసలు రెండో పాదానిదేమో. అలాగైతే మొదటి పాదంలో ఏముండేది?

పరకాల శిక్షకుడు:
సందేహం లేదని అప్పుడే అనకండి. ఇలాగైతే?
'కంత మరగినట్టి కంటికి గురి తప్పు
మక్ఖి నుండి చూపు మరలుచున్న'
గణాలు లెక్కపెట్టి చెప్పండి మాస్టారూ.

కాజీపేట మాస్టారు:
లెక్కపెట్టాను. సరిపోయాయి. హనుమకొండ తమ్ముడూ, అమ్మగారిని చివరి మాట గురించి కూడా అడుగు, 'కున్న' అనేవారా 'చున్న' అనేవారా అని. రేపు పొద్దున్నే అడుగు.