రాలిన నెమలి ఈకలను అమ్మకానికి ఎలా శుభ్రం చేయాలి?

ప్రశ్న: తోటలోకి వచ్చే నెమళ్లు రాల్చిన ఈకలను ఏరి దాచాను. ఇప్పుడు పెద్ద కట్ట అయింది. కొన్నింటికి మట్టి అంటింది, కొన్నింటిమీద రెట్ట ఎండిపోయి ఉంది. అలంకరణ వస్తువులు చేసేవారికి వీటిని అమ్మాలని ఉంది. అన్నింటినీ బట్టల సబ్బుపొడి నీళ్లలో నానబెట్టి ఎండలో ఆరేయవచ్చా? రంగు పోతుందేమోనని భయంగా ఉంది. పాత ఈకలను ఏవో పురుగులు కొరికినట్టు కూడా కనిపిస్తోంది. తెలిసినవారు దయచేసి చెప్పండి.

జవాబు: సబ్బుపొడి మాత్రం వద్దండి. మన జుట్టు, గోళ్లలాగే ఈక కూడా కెరాటిన్ అనే ప్రొటీన్‌తో తయారైంది. బట్టల పొడిలోని క్షారం ఉన్నిని పాడుచేసినట్టే ఈకనూ పెళుసుగా మారుస్తుంది. బ్లీచింగ్ ద్రావణమైతే ఏకంగా పోగులను తినేస్తుంది.

రంగు గురించి దిగులు పడకండి. నెమలికన్నులోని నీలం, ఆకుపచ్చ అద్దకం రంగుల్లాంటివి కావు. పోగుల్లో మెలనిన్ అనే నల్లని పదార్థపు అతి సన్నని కడ్డీలు క్రమంగా పేర్చి ఉంటాయి. వాటిమీద పడిన వెలుగు తిరిగి వచ్చే తీరును బట్టే ఆ రంగులు కనిపిస్తాయి. అందుకే నీళ్లకు కరిగిపోయేది ఏమీ ఉండదు. తడిసినప్పుడు రంగు మారినట్టు అనిపించినా ఆరాక మామూలుగా అవుతుంది. ఈకకు అసలు చేటు రుద్దడం వల్ల, నలపడం వల్ల వస్తుంది. పోగు విరిగితే ఆ మెరుపును మళ్లీ తేలేం.

అన్నిటికంటే ముందు పురుగుల సంగతి చూడండి. బట్టల చిమ్మట పిల్లపురుగులు కెరాటిన్ తిని బతుకుతాయి. పాత ఈకలను కొరికింది అవే అయి ఉండవచ్చు. పొడిగా ఉన్న ఈకలను ప్లాస్టిక్ సంచిలో పెట్టి, గాలి తీసేసి, మూతి బిగించండి. దాన్ని మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో వారం రోజులు ఉంచండి. బయటకు తీశాక సంచి గది వేడికి వచ్చేవరకు విప్పవద్దు, విప్పితే ఈకల మీద చెమ్మ పడుతుంది. గుడ్లు మిగిలి ఉంటాయన్న అనుమానం ఉంటే కొన్ని రోజులు బయట ఉంచి, మరోసారి ఫ్రీజర్‌లో పెట్టండి. కలరా ఉండలు వేయకండి. ఆ వాసన ఈకలను అంత తేలిగ్గా వదలదు, కొనేవారు ముఖం తిప్పుకుంటారు.

ఆ తర్వాత ఏరివేత. నా అభిప్రాయంలో చాలా ఈకలకు నీళ్లు తగలవలసిన పనే లేదు. దుమ్ము మాత్రమే ఉంటే మెత్తని కుంచెతో మొదలు నుంచి కొస వైపు తుడిస్తే చాలు. రెట్ట అంటినవాటిని మాత్రం పొడిగా గోకవద్దు. ఆ ధూళిలో కడుపు జబ్బు తెచ్చే సాల్మొనెల్లా, పక్షుల నుంచి సోకే సిట్టకోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వంటివాటి క్రిములు ఉండవచ్చు. మాస్కు, చేతితొడుగులు వేసుకుని ముందు తడపండి. పట్టు ఊడాక తుడవండి.

కడగక తప్పనివాటికి వెడల్పాటి తొట్టిలో గోరువెచ్చని నీళ్లు పోసి, అందులో కొద్దిగా తేలికపాటి షాంపూ కలపండి. ఒక్కో ఈకనూ విడిగా ముంచి, కాడను పట్టుకుని, రెండు వేళ్లతో కొస వైపే నెమ్మదిగా జారవిడవండి. ఎదురు దిశలో ఎప్పుడూ లాగకండి. నురగ పోయేదాకా మంచినీళ్లలో జాడించండి.

అసలు జాగ్రత్త ఆరబెట్టడంలో ఉంది. పిండకండి. తువ్వాలు మీద పరిచి అద్దండి. ఆపైన నీడలో, ఫ్యాను గాలికి, ఒకదానికొకటి తగలకుండా కాడ పైకి వచ్చేలా వేలాడదీయండి. ఎర్రటి ఎండ ఈకను పెళుసు చేస్తుంది. పోగులు సగం ఆరాక వేళ్లతో విడదీస్తూ ఉంటే అతుక్కోకుండా విచ్చుకుంటాయి. కాడ లోపల చెమ్మ ఉండగానే కట్ట కడితే బూజు పట్టడం ఖాయం. అందుకే పైకి ఆరినట్టు కనిపించినా మరో రోజు అలాగే వదిలేయండి.

మరో ప్రశ్న: మీటరు పైబడిన ఈకలు నా ఫ్రీజర్‌లో పట్టవు. కుంకుడు రసంతో కడగవచ్చా? వంగిపోయిన ఈకలను ఏం చేయాలి?

జవాబు: ఫ్రీజర్‌లో పట్టేలా కాడను పెద్ద వలయంగా, నెమ్మదిగా వంచితే విరగదు. మడత పడేంత ఇరుగ్గా మాత్రం పెట్టకండి. ఇక వంగినదాన్ని మరుగుతున్న నీటి ఆవిరికి కొన్ని క్షణాలు చూపించి, వేళ్లతో సరిచేసి, చల్లబడేదాకా అలాగే పట్టుకోండి. కాడ విరిగి తెల్లని గీత పడితే దానికి మందు లేదు, అక్కడికి కత్తిరించి పొట్టి ఈకల్లో కలపండి. కుంకుడు రసం తేలికగానే ఉంటుంది, కానీ తెల్ల నెమలి ఈకలకు గోధుమ ఛాయ పట్టవచ్చు. వాటికి షాంపూయే మేలు. మెరుపు కోసమని నూనెగానీ వార్నిషుగానీ రాయవద్దని గట్టిగా చెబుతున్నాను. పోగులు అతుక్కుపోతాయి, దుమ్ము కూడా పడుతుంది.

కట్టలు కట్టేటప్పుడు కన్ను ఉన్నవి, చివర కన్ను లేకుండా చేపతోకలా చీలినవి, పక్కల ఉండే కత్తి ఆకారపు ఈకలు దేనికవి వేరు చేయండి. పొడవును ఒక చివరి నుంచి మరో చివరి వరకు కొలిచి, దగ్గర కొలతలవాటినే ఒక కట్టలో పెట్టండి. కన్ను నిండుగా ఉన్నవి ఒకచోట, చిరిగినవి మరోచోట ఉంచండి. వాటిని కలిపేస్తే మంచివాటి విలువా పోతుంది. రబ్బరు బ్యాండు కాడను నొక్కుతుంది, నూలు నాడా మంచిది. పంపేటప్పుడు పొడవాటి అట్టగొట్టం లేదా పెట్టె వాడండి.

ఇంకొకరి మాట: అమ్మే ముందు చట్టం చూసుకోండి. భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నెమలిని వేటాడటం, పట్టుకోవడం నేరం. సహజంగా రాలిన తోక ఈకలకు దేశంలోపల మినహాయింపు ఉంది, ఎగుమతికి లేదు. ఇతర దేశాల్లో నియమాలు వేరు. ఆగ్నేయాసియాకు చెందిన పచ్చ నెమలి అనే వేరే జాతి, అంతర్జాతీయ వన్యజీవి వాణిజ్య ఒప్పందం (సైటీస్) రెండో అనుబంధంలో, అంటే వ్యాపారంపై అదుపు ఉన్న జీవుల జాబితాలో ఉంది కాబట్టి దాని ఈకలు సరిహద్దు దాటాలంటే అనుమతి పత్రం కావాలి.

కాడ మొదలును కూడా గమనించండి. రాలిన ఈక మొదలు పొడిగా, గట్టిగా, శుభ్రంగా ఉంటుంది. పీకినదానికి రక్తపు మరకో కండ తునకో అంటుకుని ఉండవచ్చు. అందుకే మొదలును కత్తిరించకుండా అలాగే ఉంచి అమ్మండి. కొనేవారికీ తనిఖీ చేసేవారికీ అదే మొదటి ఆధారం.