ట్రిగ్గర్ మార్చాక సేఫ్టీ సరిగా పడట్లేదు

కొత్త షూటర్: అన్నా, నా .22 బోల్ట్ యాక్షన్ రైఫిల్‌కి బయట కొన్న ట్రిగ్గర్ నేనే వేసుకున్నాను. గచ్చిబౌలి రేంజ్‌లో ప్రాక్టీస్ చేస్తుంటాను, లైసెన్స్ ఉంది. ట్రిగ్గర్ లాగడం మెత్తగా బాగుంది కానీ సేఫ్టీ లివర్ (పొరపాటున పేలకుండా ఆపే మీట) సగం వెళ్లి ఆగిపోతోంది, నిన్న ఖాళీ రైఫిల్‌తో చూస్తుంటే సేఫ్టీ తీయగానే ట్రిగ్గర్ ముట్టుకోకుండానే టక్ మంది. వచ్చే వారమే పోటీ, టెన్షన్‌గా ఉంది.

పాత చేయి: పోటీ సంగతి తర్వాత తమ్ముడూ, ముందు ఆ రైఫిల్‌లో తూటా పెట్టడం ఆపు. దానంతటదే స్ట్రైకర్, అంటే తూటాని కొట్టే పిన్, పడిందంటే చాలాసార్లు దాన్ని ఆపి ఉంచే సియర్ పట్టు చాలకే, లేదా సేఫ్టీ వేసి ఉండగా నొక్కిన ట్రిగ్గర్ వెనక్కి రాక ఇరుక్కుని. ట్రిగ్గర్ బిగువు మార్చే స్క్రూ ఏమైనా తిప్పావా?

కొత్త షూటర్: ఒక చుట్టు తిప్పానన్నా, ఇంకాస్త తేలికవుతుందని.

పాత చేయి: అనుకున్నా, దానితోనే సియర్ పట్టు తగ్గి ఉంటుంది.

ఆదివారం షూటర్: లివర్ ఆగడం వేరే గొడవ కావచ్చండి. కొత్త ట్రిగ్గర్ హౌసింగ్ (దాని పెట్టె) వెడల్పుగా ఉంటే స్టాక్ (రైఫిల్ చెక్క భాగం) లోపల చెక్కకి రాసుకుంటుంది, నాదీ అంతే, స్టాక్ విప్పితే లివర్ హాయిగా తిరిగింది. అలాగని ఉలి పట్టుకుని కూర్చోకండి. పాత ట్రిగ్గర్, కొత్తది రెండూ తీసుకెళ్లి లైసెన్సున్న ఆర్మరర్‌కి (తుపాకులు బాగుచేసేవాడికి) ఇవ్వండి. అన్నట్టు, మీ .22 లాంటి రిమ్‌ఫైర్‌ని (పిన్ తూటా అంచు మీద కొట్టే రకం) ఖాళీగా కొట్టేటప్పుడు డమ్మీ తూటా పెట్టుకోండి, లేకపోతే కొన్నిట్లో పిన్ వెళ్లి చాంబర్ అంచుకి తగులుతుంది.

కొత్త షూటర్: సరే, పాతదే మళ్లీ వేయించి పోటీకి వెళ్తాను.

పాత చేయి: వేయించాక కూడా ఆర్మరర్ చూడకుండా తీసుకెళ్లకు.