ఎమర్జెన్సీకి గాలం సామాను: 100 గ్రాముల లోపు సర్దడం ఎలా?

కొండదారి:
తూర్పు కనుమల్లో నాలుగు రోజుల ట్రెక్‌కి బ్యాగు సర్దుతున్నా. మడత రాడ్, రీలు కలిపితేనే అర కిలో దాటుతోంది. చేతి గాలం సరిపోతుందా? దారం ఎంత, ముల్లు ఏ సైజు? వాగుల్లో పరిగెలు, జెల్లలే ఎక్కువ ఉంటాయనుకుంటున్నా.

గట్టుమీద:
రాడ్ ఇంట్లో పెట్టేయండి, వెదురు కర్ర అక్కడే దొరుకుతుంది. జానెడు పీవీసీ పైపు ముక్క తీసుకుని 0.25 ఎంఎం నైలాన్ దారం 25 మీటర్లు చుట్టండి. ముళ్లు, సీసం గుళ్లు పైపు లోపలే వేసి రెండు వైపులా బిరడా బిగిస్తే వేరే డబ్బా అక్కర్లేదు. బెండుకి ఎండుపుల్ల చాలు.

ముల్లు నంబరు పెరిగేకొద్దీ సైజు తగ్గుతుంది. 12, 10 నంబర్లవి ఎనిమిది, జెల్లలకి 6 నంబరువి నాలుగు. చాలామంది పెద్ద ముళ్లు కొంటారు. అవి పరిగె నోట్లో పట్టవు, ఎర కొరుక్కుని పోతుంది. చిన్న ముల్లుకైతే ఓ మాదిరి పెద్ద చేప కూడా పడుతుంది. ముళ్లకి కాస్త నూనె రాసి పెట్టండి, లేకపోతే తుప్పు.

ముడి: కొనని ముల్లు కంట్లోంచి తీసి, అసలు దారం చుట్టూ ఐదారు చుట్లు తిప్పి, కంటి పక్కనున్న సందులోంచి వెనక్కి లాగాలి. బిగించే ముందు ఉమ్మితో తడపండి. పొడిగా లాగితే రాపిడి వేడికి నైలాన్ అక్కడే బలం తగ్గి, చేప గుంజగానే తెగుతుంది.

రేవుపాప:
పైన చెప్పిన ముడి అల్లిక దారానికి పనికిరాదు, జారిపోతుంది. దానికి పాలోమార్ ముడి (దారాన్ని రెండు పేటలుగా మడిచి ముల్లు కంట్లోంచి తీసి వేసేది) వేయాలి.

ఇంకోటి, గాలం పట్టుకుని కూర్చోవద్దండీ. ఆ టైములో కట్టెలు, నీళ్లు చూసుకోవచ్చు. సాయంత్రం పది మీటర్ల దారానికి నాలుగు ముళ్లు వేలాడదీసి వదిలేయండి. ఒక్కో ముల్లు వేలాడే కొసదారం 20 సెంటీమీటర్లు, ముల్లుకీ ముల్లుకీ ఎడం అరమీటరు. ఎడం తగ్గితే రాత్రికి అన్నీ చిక్కుపడతాయి. ఒక కొసకి రాయి, రెండో కొస వంగే కొమ్మకి. మొద్దుకి కడితే చేప గుంజినప్పుడు సాగే వీలుండదు, ముల్లు నోరు చీల్చుకుని వచ్చేస్తుంది. ముళ్లు అడుగుకి తగలకుండా చూడండి, పీతలు ఎర తినేస్తాయి.

జెల్లకి వీపు మీద ఒకటి, చెవుల పక్కన రెండు ముళ్లుంటాయి, గుడ్డతో పట్టుకోండి. గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో పెడితే నొప్పి తగ్గుతుంది.

గట్టుమీద:
అభయారణ్యాల్లో, పాపికొండల లాంటి నేషనల్ పార్కుల్లో సరదాకి గాలం వేయకండి, 1972 వన్యప్రాణి చట్టం వర్తిస్తుంది. మంజీర, కిన్నెరసాని వైపైతే మొసళ్లు కూడా. పైగా చిన్న చేపల్లో కొవ్వు తక్కువ, వాటి మీదే బతుకుదామంటే కుదరదు. అటుకులు, బెల్లం బరువు మాత్రం తగ్గించకండి.

కొండదారి:
ఎండాకాలం వానపాములు దొరక్కపోతే?

రేవుపాప:
మిడతలు, తడి రాళ్ల కింద పురుగులు. అవీ లేకపోతే గట్టిగా కలిపిన మైదాలో దూదిపోగు నులిమి ముల్లుకి పెట్టండి. ఉత్త పిండి పారే నీళ్లలో నిమిషంలో కరిగిపోతుంది.